50 గంటల ట్రైనింగ్ సర్టిఫికెట్ అని డబ్బు కట్టేముందు ఆగండి: శ్రీకాకుళం ప్రైవేటు స్కూలు టీచర్లకు జాగ్రత్త

శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వైపు ప్రైవేటు స్కూళ్లలో పనిచేస్తున్న టీచర్లందరికీ నమస్కారం. మార్చి దగ్గర పడుతోంది. వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది. "50 గంటల సి.పి.డి. సర్టిఫికెట్, గవర్నమెంట్ అప్రూవ్డ్, ఫీజు 2,500 మాత్రమే, ఈ రోజే ఆఖరు." సి.పి.డి. అంటే టీచర్లు ఏటా తీసుకోవాల్సిన వృత్తి శిక్షణ. పోయినేడాది ఆ మెసేజ్ చూసే నేను డబ్బు కట్టాను. మా స్టాఫ్ రూమ్‌లో ఇంకో ఆరుగురు కట్టారు. జీఎస్టీ కలిపి మనిషికి 2,950. ఏడుగురివీ కలిపితే 20,650 రూపాయలు. ప్రైవేటు టీచర్ల జీతాలు ఎంతో, అందులో మూడు వేలు తీసి పక్కన పెట్టడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడు ఊళ్లోనే ఒక సి.బి.ఎస్.ఇ. స్కూల్లో ఆరు నుంచి ఎనిమిది వరకు నా క్లాసులు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి ఎలా నమ్మిందని అడుగుతారేమో. నమ్మడానికి కారణం ఉంది. వాళ్లు చెప్పిన రూలు నిజమైనది.

2020 జాతీయ విద్యావిధానంలోనే ఉంది, ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తికి సంబంధించిన శిక్షణలో పాల్గొనాలని. సి.బి.ఎస్.ఇ. స్కూళ్లకైతే దాన్ని రెండు సగాలు చేశారు. 25 గంటలు బోర్డు ద్వారా గానీ ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా గానీ, మిగతా 25 గంటలు స్కూల్లోనే లేదా చుట్టుపక్కల స్కూళ్లతో కలిసి. ఏ అంశానికి ఎన్ని గంటలో కూడా ఉంది: విలువలు, నైతికతకు 12, సబ్జెక్టు జ్ఞానం, బోధనకు 24, వృత్తిపరమైన ఎదుగుదలకు 14. ఆ మెసేజ్‌లో ఈ 12, 24, 14 అంకెలు ఉన్నవి ఉన్నట్టే వేశారు. చదివితే ఎవరికైనా బోర్డు లోపలి మనిషే రాసినట్టు ఉంటుంది. పైగా ఇన్‌చార్జి మేడమ్ అప్పటికే రెండుసార్లు "మీ గంటలు ఎంతవరకు వచ్చాయి?" అని అడిగి ఉన్నారు. ఇంట్లో పిల్ల పరీక్షలు, స్కూల్లో పేపర్లు దిద్దడం, ఆ టెన్షన్‌లో ఫోన్‌పే తెరిచి కట్టేశాను.

క్లాసులు ఆదివారం రాత్రి ఏడింటికి. లైవ్ అన్నారు. రెండో వారం నాకు అనుమానం వచ్చింది. నేను చాట్‌లో ఒక ప్రశ్న పెట్టాను, జవాబు లేదు. ఇంకొకరు "సార్, వాయిస్ రావట్లేదు" అని రాశారు, దానికీ లేదు. తెర మీద మాట్లాడుతున్న ఆయన మధ్యలో "హ్యాపీ దసరా" అన్నారు. మేం ఉన్నది జనవరిలో. ఎప్పుడో తీసిన వీడియోనే మాకు లైవ్ అని వేస్తున్నారని అప్పుడు అర్థమైంది. అయినా గంటలు రావాలి కదా అని కూర్చున్నాను.

చివరి పరీక్ష సంగతి ఇంకా ఘోరం. పది ప్రశ్నలు. నేను తొమ్మిది రాసి, పదోది తెలియక వదిలేశాను. 92 శాతం వచ్చింది. పది ప్రశ్నల్లో 92 ఎలా వస్తుంది? లెక్కల టీచర్‌ని, అది వెంటనే కంట పడింది. మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఆ లింకు మళ్లీ తెరిచి, ఒక్క ప్రశ్నకీ జవాబు పెట్టకుండా కిందికి వెళ్లి బటన్ నొక్కాను. మళ్లీ 92 శాతం. పేరు అడిగే చోట ఏం కొట్టాలో తోచక, టీ తెచ్చిన మా ఆయమ్మ పేరు కొట్టాను. రెండు నిమిషాల్లో ఆమె పేరు మీద రంగుల సర్టిఫికెట్ వచ్చేసింది. ఆమె చూసి, "నేను బడికే ఎల్లనేదు కదా అమ్మా, నా పేరు మీద ఏటి ఇది?" అంది. ఆ మాటకి ఎవరం నోరు మెదపలేదు. అప్పటికి మా ఏడుగురం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ప్రింట్ తీయించి, లామినేషన్ కూడా చేయించుకుని ఉన్నాం.

ప్రిన్సిపాల్ సార్ ఆ కాగితాలు చూసి పక్కన పెట్టేశారు. బోర్డు శిక్షణ కాదు, ప్రభుత్వ దీక్షా యాప్‌లోని కోర్సు కాదు, స్కూల్లో జరిగింది కాదు, దీన్ని నేను రికార్డులో ఏ వరసలో రాయాలి అన్నారు. ఆయన తప్పు లేదు. మేం కట్టే ముందు ఆ ఒక్క ప్రశ్న ఆయన్నే అడిగి ఉంటే సరిపోయేది.

ఆ సర్టిఫికెట్ మీద ఏమేం ఉన్నాయో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు వచ్చేదాని మీద కూడా ఇవే ఉంటాయి. కింద వరసగా ఎం.ఎస్.ఎం.ఇ. (చిన్న, మధ్యతరహా పరిశ్రమలు) రిజిస్టర్డ్ అని ఒక నంబరు, ఐ.ఎస్.ఓ. 9001 అని ఒక ముద్ర, మూలన ఒక క్యూఆర్ కోడ్. ఎం.ఎస్.ఎం.ఇ. కింద ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటే ఎవరైనా తమ వ్యాపారం వివరాలు తామే చెప్పుకుని ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునే నమోదు. టైలరింగ్ షాపుకీ ఉంటుంది, పచ్చళ్ల వ్యాపారానికీ ఉంటుంది. కోర్సులో పస ఉందని ప్రభుత్వం ఇచ్చిన మాట కాదది. ఐ.ఎస్.ఓ. 9001 కూడా అంతే, సంస్థ తన పనిని ఒక పద్ధతిలో నడుపుతోందని చెప్పేదే గానీ టీచర్ శిక్షణకు గుర్తింపు కాదు. ఇక క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వాళ్ల సైట్‌కే వెళుతుంది, "వెరిఫైడ్" అని ఆకుపచ్చ టిక్కు చూపిస్తుంది. వాళ్ల కాగితానికి వాళ్లే సాక్షి.

రసీదు కూడా నేను తర్వాతే సరిగ్గా చూశాను. 450 రూపాయలు జీఎస్టీ అని తీసుకున్నారు, కానీ రసీదు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఎక్కడా లేదు. డబ్బు వెళ్లింది సంస్థ పేరు మీద కాదు, ఎవరో ఒక మనిషి సొంత అకౌంటుకి. కట్టేటప్పుడు ఫోన్‌లో ఆ పేరు కనబడింది కూడా. తొందరలో పట్టించుకోలేదు. మీరు మాత్రం అక్కడ ఆగండి. ఫోన్ చేసి డబ్బు వెనక్కి అడిగితే మొదటి రోజు "చూస్తాం మేడమ్" అన్నారు, మూడో రోజు నుంచి నంబరు ఎత్తడం లేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. నాకు నిజంగా కడుపు మండింది ఇంకో విషయానికి. ఆ కోర్సులో "భిన్నాలు చెప్పే కొత్త పద్ధతులు" అని ఒక క్లాసు ఉందని రాశారు. ఆరో తరగతిలో నా పిల్లల్లో సగం మంది మూడో వంతు కన్నా నాలుగో వంతే పెద్దదంటారు, మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని. పంతొమ్మిదేళ్లుగా నేను దాన్ని బోర్డు మీద గుండ్రాలు గీసి చెబుతున్నాను, చాలామందికి ఎక్కదు. అది నేర్చుకుందామనే ఆశతో ఎదురుచూశాను. ఆ క్లాసు రోజున పాఠ్యపుస్తకంలో నిర్వచనం చదివి వినిపించారు, అంతే.

అది నాకు నేర్పింది గార మండలంలో సర్కారు బడిలో పనిచేసే నా స్నేహితురాలు. సమానంగా కత్తిరించిన పాత పేపరు పట్టీలు తెచ్చింది. ఒకటి అలాగే ఉంచి, ఒకటి రెండు మడతలు, ఒకటి మూడు, ఒకటి నాలుగు వేసి, ఒకదాని కింద ఒకటి గోడకి అంటించింది. పిల్లలు చేత్తో తడిమి చూస్తే ముక్కలు ఎక్కువైన కొద్దీ ముక్క చిన్నదవుతుందని వాళ్లకే తెలుస్తుంది. ఒక్క పీరియడ్. పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత నేను దీక్షా యాప్‌లో నిష్ఠా కోర్సులు, అంటే టీచర్ల కోసం ప్రభుత్వం పెట్టిన శిక్షణ, మొదలుపెట్టాను. అవి ఉచితం. చివరి పరీక్షలో 70 శాతం వస్తేనే సర్టిఫికెట్. మొదటిసారి నాకు 65 వచ్చి ఆగిపోయింది, మళ్లీ చదివి రాశాను. ఆ కాగితం చూస్తే నాకు గౌరవంగా ఉంది.

కాబట్టి ఎవరైనా గంటలు అమ్ముతామంటే ముందు మీ ప్రిన్సిపాల్‌నో శిక్షణ చూసే ఇన్‌చార్జినో అడగండి, ఇది రికార్డులో ఎక్కుతుందా అని. వీలైతే రాతపూర్వకంగా. సి.బి.ఎస్.ఇ. శిక్షణలైతే బోర్డు ట్రైనింగ్ పోర్టల్‌లోనే కనబడతాయి, అక్కడ లేనిదాన్ని బోర్డు శిక్షణ అంటే నమ్మకండి. "ఈ రోజే ఆఖరు" అన్నవాళ్లు మాకు పది రోజుల తర్వాత కూడా అదే మెసేజ్ పంపారు.

ఇప్పటికే కట్టినవాళ్లుంటే చాట్, రసీదు, పేమెంట్ స్క్రీన్‌షాట్ చెరపకండి. మోసమని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మేం ఆలస్యం చేశాం. ఇప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాం. మనం కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి కేసు వేయడానికి ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువు ఉంది. 2,950 కోసం ఎవరు తిరుగుతారులే అని వాళ్ల ధీమా. మా ఏడుగురం తిరగడానికే నిర్ణయించుకున్నాం. మీలో ఎవరైనా ఇలాగే కట్టి ఉంటే కింద రాయండి, మా కాగితాలతో పాటు మీవి కూడా పెడతాం.