న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో పాత కో-ఆప్ ఫ్లాట్ కొంటున్నారా? ముందు స్టవ్ వెలిగించి చూడండి

శనివారం పొద్దున్న 7:40కి కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి ముహూర్తం. అమ్మ విజయవాడ నుంచి వీడియో కాల్‌లో ఉంది. మా ఆవిడ కొత్త గిన్నెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలు పోసి, నాబ్ తిప్పింది. టిక్ టిక్ టిక్. మళ్ళీ తిప్పింది. మళ్ళీ టిక్ టిక్. నాలుగు బర్నర్లూ చూశాం. మంట సంగతి దేవుడెరుగు, గ్యాస్ వాసన కూడా లేదు.

"సిలిండర్ అయిపోయిందేమో చూడరా" అంది అమ్మ.

ఇక్కడ సిలిండర్ ఉండదమ్మా అని చెప్పేలోపే ముహూర్తం దాటిపోయేలా ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి పక్కింటి తలుపు కొట్టాను. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గ్యాసా? నవంబర్ నుంచీ లేదు కదా నాయనా! మీకెవరూ చెప్పలేదా?" అంది. పాపం లోపలికెళ్ళి తన హాట్ ప్లేట్ తెచ్చి చేతిలో పెట్టింది. పాలు పొంగాయి. నా రక్తం అప్పటికే పొంగింది.

ఇది జరిగి ఐదు రోజులు. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే వెనకా ముందూ చూసుకోకుండా రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇల్లెలాంటిదో చెప్తాను. కో-ఆప్ ఫ్లాట్, అంటే బిల్డింగ్ మొత్తం ఒక కంపెనీది, అందులో షేర్లు కొని మన ఫ్లాట్‌లో ఉంటాం. 37వ ఎవెన్యూ పక్కన, 1920ల నాటి ఆరంతస్తుల బిల్డింగ్, మధ్యలో తోట, ఎత్తైన సీలింగు, చెక్క నేల. నాలుగడుగులేస్తే 74వ వీధి, కరివేపాకు, మోమోలు, పైన వంతెన మీద 7 నంబరు మెట్రో ట్రైన్ చప్పుడు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న ఫ్రెండ్స్ అందరూ చెప్పారు, "ఆ డబ్బుకి ఇక్కడికొచ్చెయ్ రా, పెరడు కూడా వస్తుంది" అని. విన్నానా? లేదు. నాకు 'ప్రీ-వార్' కావాలి. యుద్ధానికి ముందు కట్టిన బిల్డింగులో గొట్టాలు కూడా యుద్ధానికి ముందువే ఉంటాయన్న ఇంగితం లేకపోయింది. సింగిల్ బెడ్‌రూమ్‌కి 3,85,000 డాలర్లు, కాంట్రాక్టు రోజే అందులో 10 శాతం ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో), బిల్డింగ్ ఖర్చులకి నెలకి 890 మెయింటెనెన్స్. సరే, అదంతా అలా ఉంచండి.

చెప్పాల్సింది హాట్ ప్లేట్ గురించి.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఆ వంటింట్లో, ఆ గ్యాస్ స్టవ్ మీదే, రెండు బర్నర్ల హాట్ ప్లేట్ ఒకటి ఉంది. దాని మీద లేసు గుడ్డ, గుడ్డ మీద చిన్న పూలకుండీ. నా కళ్ళతో చూశాను. పైగా నోరు తెరిచి అడిగాను కూడా. "అన్నయ్యా, స్టవ్ ఉండగా ఇదెందుకు?" అని. మన ఏజెంట్ అన్నయ్య (పేరు చెప్పను, ఏ ఉగాదికెళ్ళినా గులాబీ రంగు కుర్తాలో మైకు దగ్గరే ఉంటాడు, మీకూ కార్డు ఇచ్చే ఉంటాడు) నవ్వి, "అమ్మే ఆవిడ ఒక్కతే ఉంటుంది తమ్ముడూ, వంట పెద్దగా చెయ్యదు. టీ పెట్టుకోడానికేలే" అన్నాడు. నేను తలూపాను. గ్యాస్ పొయ్యి నెత్తిన కరెంటు పొయ్యి పెట్టుకుని టీ కాచుకునే మనిషి ఉంటుందని నమ్మాను. రెండు డిగ్రీలున్నాయి నాకు.

క్లోజింగ్‌కి, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజుకి, ముందురోజు ఇల్లు ఆఖరిసారి చూడనిస్తారు కదా, ఆ పది నిమిషాల్లో కుళాయిలు తిప్పాను, ఫ్లష్ నొక్కాను, కిటికీలు ఎత్తి దించాను. స్టవ్ ముట్టుకోలేదు. హాట్ ప్లేట్ అప్పటికే లేదు. ఆవిడ పూలకుండీతో సహా పట్టుకెళ్ళిపోయింది.

ఇంకో ముచ్చట. కొనేవాళ్ళని ఒప్పుకోవాలా వద్దా అని బిల్డింగ్ నడిపే బోర్డు ఇంటర్వ్యూ చేస్తుంది, అందులో ముగ్గురు కూర్చున్నారు. ఉద్యోగం, అప్పులు, అతిథులు ఎంతమంది వస్తారు, ఇవన్నీ అయ్యాక ఒకాయన మెల్లగా, "మీ ఇంట్లో వంట ఎక్కువ చేస్తారా?" అన్నాడు. నేనేమనుకున్నాను? పోపు వాసన వాళ్ళకి పడదేమో, నిజం చెబితే రిజెక్ట్ చేస్తారేమో అని. న్యూయార్క్‌లో కో-ఆప్ బోర్డు కారణం చెప్పకుండానే కాదనగలదు, ఆ భయం ఒకటి. గొంతు సవరించుకుని, "లేదండీ, చాలా తక్కువ" అన్నాను. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, "వెరీ గుడ్" అన్నారు. బయటికొచ్చి మా ఆవిడతో, ఇంటర్వ్యూ ఇరగదీశా అని చెప్పుకున్నాను.

ఇప్పుడు ఫోన్ కాల్. పాలు పొంగిన పావుగంటకి చేశాను.

"అన్నయ్యా, ఇంట్లో గ్యాస్ లేదు."

"ఆఁ... అది బిల్డింగ్ ఇష్యూ తమ్ముడూ. నీ యూనిట్ ఇష్యూ కాదు."

"మీకు ముందే తెలుసా?"

కాసేపు చప్పుడు లేదు. వెనకాల ఎవరో టిఫిన్ తింటున్న ప్లేట్ల చప్పుడు తప్ప.

"నువ్వు గ్యాస్ ఉందా అని అడగలేదు కదా తమ్ముడూ. హాట్ ప్లేట్ ఎందుకని అడిగావు, చెప్పాను. అయినా ఇప్పుడంతా ఇండక్షనే కదా, ఆరోగ్యం కూడా. ఒకటి పడేసుకో."

పడేసుకో! ఈ మాట దగ్గరే ఆగిపోయాను నేను. డబ్బు పోయిందని కాదు. నా పెళ్ళాం చేతి ఉప్మా మూడుసార్లు తిన్న మనిషి. మా ఇంట్లో పొయ్యి ఎంతసేపు వెలుగుతుందో వాడికి తెలుసు. ఇండక్షన్ కూడా తెచ్చాం, అదీ చూద్దామని. రైస్ కుక్కర్ ఉండగా అది ఆన్ చేస్తే ఫ్యూజు ఠప్. ఫ్యూజంటే అదే, మరచుట్టుతో బిగించే గాజు ఫ్యూజు. తాతగారి కాలంది.

గ్యాస్ ఆపడం తప్పని నేననను. 2014లో ఈస్ట్ హార్లెమ్‌లో, 2015లో ఈస్ట్ విలేజ్‌లో గ్యాస్ పేలి మనుషులే పోయారు. ఆ తర్వాతే లోకల్ లా 152 అనే సిటీ చట్టం వచ్చింది, ఒకటి రెండు కుటుంబాల ఇళ్ళు తప్ప మిగతా బిల్డింగుల్లో గ్యాస్ గొట్టాలు నాలుగేళ్ళకోసారి తనిఖీ చేయించాలి. మా బేస్‌మెంట్‌లో వాసన వచ్చింది, గ్యాస్ కంపెనీ వాళ్ళొచ్చి కట్టేశారు. మంచిదే. కానీ ఒకసారి కట్టేశాక మళ్ళీ తిప్పితే వచ్చేది కాదు. లైసెన్సున్న ప్లంబరు, పర్మిట్, గొట్టాలకి ప్రెషర్ టెస్టు, ఇన్‌స్పెక్షను, అన్నీ అయ్యాకే. వందేళ్ళ గొట్టానికి ప్రెషర్ పెడితే ఒక జాయింటు బాగుచేసేలోపు ఇంకోటి కారుతుంది. అందుకని మొత్తం మారుస్తారట. ప్రతి వంటింటి గోడా పగలగొడతారు. గోడ పూడ్చేది వాళ్ళు, టైల్స్ మాత్రం మనవే.

ఖర్చు? కో-ఆప్ అంటే ఇల్లు కొనడం కాదు కదా, కంపెనీలో షేర్లు కొనడం. నావి 412. నిన్న తలుపు కింద నుంచి కాగితం వచ్చింది: షేరుకి 18 డాలర్ల అసెస్‌మెంట్, అంటే అదనపు వసూలు. నాకు మొత్తం 7,416. పన్నెండు నెలలు, నెలకి 618, మెయింటెనెన్స్‌కి అదనం. ఆ నిర్ణయం ఎప్పుడు జరిగిందో తెలుసా? జనవరి మీటింగులో. నేను కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది ఫిబ్రవరిలో.

మీటింగ్ మినిట్స్‌లో, అంటే బోర్డు మీటింగుల్లో ఏం జరిగిందో రాసిపెట్టే కాగితాల్లో, అంతా ఉందట. మా లాయరు ముందే అడిగాడు, "మేనేజ్‌మెంట్ ఆఫీసుకెళ్ళి మినిట్స్ చదవాలంటే ఇంకో 300 అవుతుంది, చదవమంటారా?" అని. నేను బేరమాడి వద్దన్నాను. ఇప్పుడు ఆయనకే ఫోన్ చేస్తే, "స్టవ్ పనిచేసే స్థితిలో ఉండాలని కాంట్రాక్టులో ఉందండీ. స్టవ్ బాగానే ఉంది కదా" అన్నాడు. ఇళ్ళు అమ్మేవాళ్ళు తమకి తెలిసిన లోపాలన్నీ రాసివ్వాలని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది, 2024లో ఇంకా గట్టిగా బిగించారు కూడా. అది కో-ఆప్‌లకి వర్తించదు. భలే కదా.

అన్నయ్య రాత్రి మెసేజ్ పెట్టాడు. సారీ కాదు. "తమ్ముడూ, వీలుంటే ఒక ఫైవ్ స్టార్ రివ్యూ."

కొనేవాళ్ళు ఎవరైనా ఉంటే: చూడ్డానికి వెళ్ళినప్పుడే స్టవ్ వెలిగించండి, సిగ్గుపడకండి. లాయరుతో మినిట్స్ చదివించండి, ఆ 300 దగ్గర నాలా పిసినారితనం వద్దు. బిల్డింగ్ అడ్రస్ కొడితే సిటీ బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో పర్మిట్లు, ఉల్లంఘనలు ఊరికే కనపడతాయి. లిఫ్టులో ఎవరైనా కలిస్తే గ్యాస్ ఉందా అని అడగండి, ఏజెంట్‌ని కాదు.

కుక్కర్ దిగింది. ఇప్పుడు కూర పెట్టుకోవాలి, రెండూ ఒకేసారి కుదరవు.