అట్ట మీద "సంపూర్ణ ప్రతి" అని ఉన్నా నమ్మి కొనకండి: పాత శృంగార నవలల పాఠకులకు ఒక హెచ్చరిక

ప్రపంచ సాహిత్యంలో నిలిచిపోయిన శృంగార నవలల్లో ఏవి చదవదగినవో తేల్చుకొని, వాటిని కొనాలని అనుకుంటున్న వారందరికీ ఈ హెచ్చరిక. "ఒక్క అక్షరమైనా తొలగించని ప్రతులు" అన్న ప్రకటన చూసి, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర నేను కొన్ని నవలలను సెట్‌గా తెప్పించుకున్నాను. వచ్చినవాటిలో ఒకటి కోతలు పడిన ప్రతి, ఇంకొకటి అనువాదకుడి పేరు ఎక్కడా లేని అధ్వాన్నపు అనువాదం, మరొకటి అసలు నవలే కాదు. అమ్మకందారుకు ఫిర్యాదు చేస్తే, పుస్తకం తెరిచి చదివారు కాబట్టి వెనక్కి తీసుకోలేమని జవాబు వచ్చింది. తెరిచి చదివితే తప్ప బయటపడని మోసానికి తెరవడమే అభ్యంతరం అంటే, కొన్నవారికి ఇక దారి ఉండదు. అందుచేత డబ్బు చెల్లించకముందే ఏమేం చూసుకోవాలో కొంత వివరంగా రాస్తున్నాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది డి.హెచ్. లారెన్స్ రాసిన "లేడీ చాటర్లీస్ లవర్". ఈ నవలను ఆయన 1928లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో స్వయంగా అచ్చు వేయించుకున్నాడు. కాపీరైటు రక్షణ దొరకకపోవడంతో దొంగ ముద్రణలు వెంటనే బయలుదేరాయి. 1930లో ఆయన చనిపోయాక, అభ్యంతరకరమని భావించిన భాగాలను తొలగించిన ప్రతి 1932లో ప్రచురణకర్తల ద్వారా వెలువడింది. పూర్తి పాఠం అమెరికాలో 1959లో, బ్రిటన్‌లో 1960 నాటి ప్రసిద్ధ కోర్టు విచారణ ముగిశాక మాత్రమే పాఠకులకు బహిరంగంగా అందింది. అంటే దాదాపు మూడు దశాబ్దాలు చలామణిలో ఉన్న కోత పాఠం ఒకటి ఉంది; నాకు కొత్త అట్ట వేసి పంపింది దానినే. శృంగార ఘట్టాలు పోతే పోయాయి, కథ మిగిలింది కదా అని ఎవరైనా అనవచ్చు గానీ, ఈ నవల విషయంలో ఆ మాట చెల్లదు. యుద్ధంలో గాయపడి నడుము కింది భాగం చచ్చుబడిన భర్తతో, బొగ్గుగనుల మధ్య ఉన్న పెద్ద బంగళాలో నాయిక కాన్‌స్టెన్స్ క్రమంగా ఎండిపోవడం, భర్త ఎస్టేటు అడవికి కాపలా ఉండే మనిషి సాంగత్యంలో ఆమె మళ్లీ ప్రాణం పోసుకోవడం ఆ ఘట్టాల్లోనే జరుగుతాయి. వాటిని తీసివేస్తే, ఆమె హోదాను, ఇంటిని వదులుకోవడానికి సిద్ధపడిన కారణమే పాఠకుడికి కనిపించదు.

ఇదే నవలలో ఇంకో చిక్కు ఉంది. లారెన్స్ దీనిని మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు రాశాడు. మొదటి రెండు రూపాలు కూడా ఆయన మరణానంతరం వేరువేరు పుస్తకాలుగా వచ్చాయి. అడవి కాపలాదారు పేరు మెల్లర్స్ అని ఉంటే అది చివరి రూపం. పార్కిన్ అని ఉంటే అంతకుముందరి చిత్తుప్రతుల్లో ఒకటి. ఆ రూపాలకూ విలువ ఉంది, కానీ మొదటిసారి చదివేవారు వాటితో ప్రారంభించడం మంచిది కాదు. చివరి రూపంలో 19 అధ్యాయాలు ఉంటాయి, అది మెల్లర్స్ రాసిన ఉత్తరంతో ముగుస్తుంది. ఈ సంగతులను నమూనా పేజీల్లోనూ విషయసూచికలోనూ ఎవరైనా సరిచూసుకోవచ్చు.

జాన్ క్లెలండ్ రాసిన "ఫానీ హిల్"కు కూడా ఇదే గతి పట్టింది. 1748–49లో రెండు సంపుటాలుగా, రెండు దీర్ఘమైన ఉత్తరాల రూపంలో వచ్చిన ఈ నవలను 1750లో రచయితే కుదించి మళ్లీ ప్రచురించాడు. మూలంలో ఒక్క బూతుమాట కూడా లేదు. అంతా అలంకారాలతో, చుట్టుతిప్పి చెప్పే వాక్యాలతో నడుస్తుంది. బూతులు కనిపించే ప్రతి ఏదైనా ఉంటే, దానిలో ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. కథ మొదలయ్యేనాటికి నాయికకు పదిహేనేళ్లేనన్న విషయం కూడా కొనేవారికి ముందే తెలియాలి. నా మటుకు నేను ఈ నవలను చరిత్ర కోసం చదవవచ్చునంటాను గానీ, ఇష్టంగా చదవమని ఎవరికీ చెప్పను.

ఇటువంటి కోతల చరిత్ర మనకు కొత్త కాదు. ముద్దుపళని "రాధికాసాంత్వనము" నవల కాదు, కావ్యం; అయినా 1887 నాటి ముద్రణలో పద్యాలు తొలగించారని గుర్తించి, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠాన్ని వెలువరించిన సంగతి తెలిసిన తెలుగు పాఠకులు, ఏ ముద్రణ అన్న ప్రశ్నను తేలికగా తీసుకోరాదు.

ఫ్రెంచి నవల "స్టోరీ ఆఫ్ ఓ" (1954) దగ్గర సమస్య అనువాదానిది. మూలంలో వచనం చల్లగా, నిగ్రహంగా, దాదాపు మఠంలోని నియమావళిలా సాగుతుంది. ఆ నిగ్రహమే పుస్తకానికి బలం. నాకు వచ్చిన ఆంగ్ల ప్రతిలో వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, యంత్రం చేత చేయించిన అనువాదమేమో అనిపించేటంత అతుకుల బొంతగా ఉంది. ఈ నవలకు ఒకటికి మించి ఆంగ్లానువాదాలు ఉన్నాయి కనుక, అనువాదకుడి పేరు, అనువాద సంవత్సరం లేని ప్రతిని ఎంత అందమైన అట్ట ఉన్నా కొనవద్దు.

నవల కాని మూడవ పుస్తకం అనాయిస్ నిన్ రాసిన "డెల్టా ఆఫ్ వీనస్". 1940ల్లో పేజీకి ఒక డాలరు చొప్పున ఒక సంపన్నుడి కోసం రాసిన ఈ కథలు ఆమె మరణించిన 1977లోనే సంపుటిగా వచ్చాయి. కవిత్వం తగ్గించమని ఆ సంపన్నుడు ఒత్తిడి చేసినా ఆమె భాష అక్కడక్కడ మెరుస్తూనే ఉంటుంది. అయితే కొన్ని కథల్లో పిల్లలపై అత్యాచారం ఉంది. మొదటి కథ నుంచే అది ఎదురవుతుంది. అమ్మకందారు వివరణలో దాని ప్రస్తావన లేశమాత్రం కూడా లేదు. దీనిని నవలగా అమ్మడం కంటే ఆ విషయం దాచడమే నా దృష్టిలో పెద్ద తప్పు.

ఇన్నిటి తర్వాత కూడా ఏది చదవాలని అడిగితే, పూర్తి పాఠమున్న లారెన్స్ నవలను, దానితోపాటు ఫ్రెంచి రచయిత లాక్లో రాసిన "డేంజరస్ లియేజన్స్"ను (1782) చెబుతాను. రెండవదానిలో శరీర వర్ణన చాలా తక్కువ. కోరిక అంతా ఉత్తరాలు రాసేవారి తెలివిలోనూ, అబద్ధాల్లోనూ, పంతంలోనూ ఉంటుంది. అందులో 175 ఉత్తరాలు ఉండాలి, చివరి ఉత్తరం సంఖ్య అంతకంటే తక్కువ ఉంటే కోత పడినట్టే.

కొనే ముందు అమ్మకందారును పేరు పేజీ, దాని వెనక ఉన్న ముద్రణ వివరాల పేజీ, విషయసూచిక ఫోటో తీసి పంపమని అడగండి. ఏ సంవత్సరపు పాఠం ఆధారంగా అచ్చు వేశారో, పరిష్కర్త ఎవరో, అనువాదకుడెవరో ఆ పేజీల్లో ఉండాలి. పంపడానికి వెనకాడితే ఆర్డరు పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, పార్సెలు విప్పేటప్పుడే వీడియో తీసి, ప్రకటనలో "సంపూర్ణ ప్రతి" అన్న మాట కనిపించేలా స్క్రీన్‌షాట్ భద్రపరచుకోండి. ఆ ప్రకటనను అమ్మకందారు తర్వాత మార్చివేయవచ్చు.