1,790 కిలోమీటర్లు నన్ను మోసిన తోలు సీటు: బ్రూక్స్ బి17

తీరం నుంచి తీరానికి దేశాన్ని సైకిల్ మీద దాటాలని రెండేళ్ల క్రితం మొదటిసారి బయల్దేరాను. ఆరో రోజు ఉదయం ఆగిపోయాను. కాళ్లలో సత్తువ ఉంది, సైకిల్‌కి ఏ లోటూ లేదు. కూర్చోలేకపోయాను, అంతే. తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. దిగి నిలబడ్డాక కూడా చాలాసేపు తిమ్మిరి వదిలేది కాదు. 410 కిలోమీటర్ల దగ్గర సైకిల్‌ని బస్సు ఎక్కించి వెనక్కి వచ్చిన ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

అప్పుడు నాది జెల్ సీటు. షాపులో బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా ఉంది కదా అని కొన్నాను. గంట తొక్కేవాళ్లకి అది హాయిగానే ఉంటుంది. రోజుకి ఆరేడు గంటలంటే లెక్క వేరు. మన బరువు మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే అవి లోపలికి దిగబడిపోయి, బరువంతా మధ్యలో ఉన్న మెత్తటి భాగం మీద పడుతుంది. నరాలూ రక్తనాళాలూ ఉండేది అక్కడే. నా తిమ్మిరికి కారణం అదేనని చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెండోసారి బయల్దేరడానికి ఆరు నెలల ముందే బ్రూక్స్ బి17 బిగించాను. ఇంగ్లండ్‌లో 1866లో గుర్రాల తోలు సామానుతో మొదలైన కంపెనీ ఇది. బి17 మోడల్ వచ్చి వందేళ్లు దాటినా రూపం పెద్దగా మారలేదు. ఇందులో స్పాంజీ లేదు, జెల్ లేదు. ఉక్కు చట్రం మీద దళసరి తోలును లాగి, ముందూ వెనకా రివెట్లు కొడతారు. మధ్యలో ఆధారమేమీ ఉండదు కాబట్టి నులక మంచంలా మనిషి బరువుకి తగ్గట్టు వంగుతుంది. వెడల్పు 175 మిల్లీమీటర్లు. బరువు అర కిలో పైమాటే, కానీ సామానుతో వెళ్లే ప్రయాణంలో అది పట్టించుకోదగ్గ విషయం కాదు.

మొదటి వారాలు కష్టంగానే గడిచాయి. చెక్క మీద కూర్చున్నట్టు ఉండేది. కంపెనీ వాళ్లదే ప్రూఫైడ్ అనే మైనం లాంటి పూత ఉంటుంది. దాన్ని పల్చగా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే పొడి గుడ్డతో రుద్దేవాణ్ణి. 40 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా దూరం పెంచాను. మొత్తం 600 కిలోమీటర్లు దాటేసరికి తోలు మీద నా ఎముకలు ఆనే చోట రెండు గుంటలు కనిపించాయి. ఆ రోజు నుంచి సీటు గురించి ఆలోచించడమే మానేశాను. అందుకే చెబుతున్నాను, వచ్చే నెలలో ప్రయాణం ఉన్నవాళ్లు ఇప్పుడు దీన్ని కొనొద్దు.

బిగించే తీరు కూడా ముఖ్యం. మట్టంగా పెడితే నేను ముందుకి జారిపోయేవాణ్ణి, బరువు చేతుల మీద పడి మణికట్లు లాగేవి. సీటు ముక్కును, అంటే ముందు కొసను, ఒక్క వేలి మందం పైకి లేపగానే ఆ బాధ పోయింది.

24 రోజుల్లో, మూడు రోజులు విశ్రాంతి తీసుకుని, 1,790 కిలోమీటర్లు పూర్తి చేశాను. నాలుగో రోజు చిన్న కురుపు ఒకటి లేచింది, రెండు రోజుల్లో తగ్గింది. తిమ్మిరి ఒక్కసారీ రాలేదు. ఈ ఘనతంతా సీటుదే అనను. ప్యాడ్ ఉన్న షార్ట్ లోపల ఏమీ వేసుకోకుండా తొక్కాను, ప్రతి రాత్రీ దాన్ని ఉతికాను, పావుగంటకోసారి పెడల్స్ మీద లేచి నిలబడ్డాను.

దీనికి శత్రువు నీళ్లు. తొమ్మిదో రోజు రాత్రి సీటుకి కవర్ తొడగడం మరిచి నిద్రపోయాను. తెల్లారేసరికి తోలు నానిపోయి ఉంది. నానిన తోలు మీద కూర్చుంటే సాగిపోయి మళ్లీ పాత ఆకారానికి రాదు. కంగారుపడుతూ సగం రోజు నీడలో ఆరబెట్టి, మధ్యాహ్నం తర్వాతే బయల్దేరాను. వాన కింది నుంచి కూడా వస్తుందని చాలామంది గమనించరు. వెనక చక్రం చిమ్మే నీళ్లు తోలు అడుగుకి తగులుతాయి, మడ్‌గార్డ్ లేకుండా ఈ సీటు వాడకూడదు. తోలు సాగితే బిగించుకోవడానికి ముక్కు కింద ఒక బోల్టు ఉంది. ఇన్నాళ్లలో దాన్ని ఒక్క పావు చుట్టు తిప్పాను. అదే పనిగా బిగిస్తే రివెట్ల దగ్గర తోలు చిరుగుతుంది.

బాగా ముందుకి వంగి, రేసు పద్ధతిలో తొక్కేవాళ్లకి ఇంత వెడల్పు అడ్డొస్తుంది. తోలు వద్దనుకునేవాళ్లకి ఇదే కంపెనీ రబ్బరు, నూలుతో చేసే కేంబియం అనే సీటు ఉంది. నేను వాడలేదు.

మా చెల్లి కూడా వచ్చే ఏడాది అదే దారిలో వెళ్తానంటోంది. "అన్నయ్యా, ఎలాగూ మెత్తబడింది కదా, నీ సీటు ఇవ్వు" అంది. అది నా ఎముకలకి కుదురుకున్న సీటు, తనకి పనికిరాదు. ఒక అట్టముక్క మీద కూర్చోబెట్టి, పడిన రెండు నొక్కుల మధ్య దూరం కొలిచి, బి17లోనే ముక్కు పొట్టిగా ఉండే ఎస్ మోడల్ కొనిచ్చాను. ఇప్పటికి 200 కిలోమీటర్లు తొక్కింది. ఇంకా గట్టిగానే ఉందంటోంది.