స్పీడప్‌కు మార్కులు: ప్యారలల్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో నాలుగు సెమిస్టర్ల వాడకం తర్వాత

నల్లగొండలో బీటెక్ ప్యారలల్ ప్రోగ్రామింగ్ (ఒకే పనిని ముక్కలు చేసి ప్రాసెసర్‌లోని చాలా కోర్లతో ఒకేసారి చేయించడం) ల్యాబ్‌కు నాలుగు సెమిస్టర్లుగా ఒకే పద్ధతిలో మార్కులు వేస్తున్నాం. ఒక్కో అసైన్‌మెంట్‌కు 100: జవాబు సరిగా రావడానికి 40, స్పీడప్‌కు 30, రిపోర్టుకు 20, వైవాకు 10. పద్ధతి మంచిదే. ఎక్కువ ఇబ్బంది స్పీడప్‌కు ఇచ్చే ఆ 30 మార్కుల దగ్గరే. కొలతలో తేడా వస్తే బాగా రాసినవాళ్లే నష్టపోతారు.

స్పీడప్ అంటే సీరియల్ ప్రోగ్రాం (పనిని విడదీయకుండా ఒక్క కోరుతోనే చేసేది) సమయాన్ని ప్యారలల్ ప్రోగ్రాం సమయంతో భాగిస్తే వచ్చే సంఖ్య. సీరియల్ ప్రోగ్రాం కూడా విద్యార్థులనే రాయమంటే, అది ఎంత నెమ్మదిగా ఉంటే అంత పెద్ద స్పీడప్ కనిపిస్తుంది. అందుకే సీరియల్ ఫైలు మేమే ఇస్తాం, రెండింటినీ ఓ2 ఆప్షన్‌తోనే (కోడ్ వేగంగా నడిచేలా మార్చమని కంపైలర్‌కు చెప్పేది) కంపైల్ చేస్తాం. ఇక ప్రతి బ్యాచ్‌లోనూ కనిపించే తప్పు ఒకటుంది: సమయం కొలవడానికి సీ భాషలోని క్లాక్ ఫంక్షన్ వాడటం. లైనక్స్‌లో అది అన్ని థ్రెడ్ల (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పని ముక్కల) సీపీయూ సమయాన్ని కలిపి చెబుతుంది. గోడ గడియారం ప్రకారం 1.2 సెకన్లలో అయిపోయిన పనికి 4 థ్రెడ్లు కలిపి 4.6 సెకన్లు చూపిస్తుంది. ప్రోగ్రాం బాగానే ఉంటుంది, రిపోర్టులో మాత్రం 'వేగం పెరగలేదు' అని రాసుకొస్తారు. థ్రెడ్లతో ప్రోగ్రాంలు రాయడానికి వాడే ఓపెన్‌ఎంపీలో దీనికోసమే, అంటే గోడ గడియారం సమయం చెప్పడానికే, వాల్ టైమ్ ఫంక్షన్ ఉంది. మొదటి ల్యాబ్‌లోనే దాన్ని అలవాటు చేయాలి.

4 కోర్లకు 4 రెట్లు రావాల్సిందేనని పట్టుబట్టకూడదు. కంప్యూటర్ నిపుణుడు ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ప్రకారం పనిలో 10 శాతం విడదీయలేనిదైతే 8 కోర్ల మీద దాదాపు 4.7 రెట్లకు మించి రాదు. మిర్యాలగూడ రైస్‌మిల్లు దగ్గర హమాలీలను ఎంతమందిని పెట్టినా ధాన్యం లారీలన్నీ ఒకే కాంటా మీదికి ఎక్కాలి కదా, అదీ సంగతి. పైగా అన్ని లెక్కలూ ఒకటి కావు. రెండు వెక్టర్లను (సంఖ్యల వరుసలను) కూడే ప్రోగ్రాంలో మెమరీ వేగమే అడ్డుపడుతుంది కాబట్టి మా 4 కోర్ల మెషీన్‌పై 1.8 రెట్లు వస్తే పూర్తి మార్కులు. మ్యాట్రిక్స్ గుణకారానికి మాత్రం 3 రావాలి.

ఏప్రిల్ ఎండల్లో ఏసీ లేని ల్యాబ్‌లో ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున 9కి చూపించినవాళ్లకు, మధ్యాహ్నం 2కి చూపించినవాళ్లకు ఒకే కోడ్‌కు వేర్వేరు సంఖ్యలు వస్తాయి. అందుకే ఎవరి సిస్టమ్ మీదా కొలవం. కోడ్లన్నీ తీసుకుని రాత్రిపూట ఒకే మెషీన్ మీద, టర్బో (ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకునే సదుపాయం) ఆపేసి, ఒక్కోటీ 6 సార్లు నడిపి, మొదటిది వదిలేసి, మిగతా ఐదింటి మధ్య విలువ (మీడియన్) తీసుకుంటాం. టర్బో ఎందుకు ఆపాలంటే, ఒక్క కోరే పనిచేసేటప్పుడు దాని వేగం పెరిగి సీరియల్ సమయం తగ్గుతుంది, దాంతో స్పీడప్ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది.

జవాబు సరిగా రావడానికి ఇచ్చే ఆ 40 మార్కులకు ఒక్కసారి నడిపి చూస్తే చాలదు. రిడక్షన్ క్లాజ్ (థ్రెడ్లు వేరువేరుగా కూడిన మొత్తాలను చివర్లో సరిగా కలిపేది) మరిచిపోయి మొత్తం కూడిన ప్రోగ్రాం చిన్న ఇన్‌పుట్‌కు చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది. మేం పెద్ద ఇన్‌పుట్‌తో 50 సార్లు, 2, 3, 4, 7 థ్రెడ్లతో నడుపుతాం. ఇన్‌పుట్ సైజు థ్రెడ్లకు సమానంగా పంచబడుతుందని అనుకుని రాసినవాళ్ల తప్పులు 3, 7 దగ్గర బయటపడతాయి. ఇక్కడ దిద్దేవాళ్లూ ఒకటి గమనించాలి: దశాంశ సంఖ్యలను వేరే వరుసలో కూడితే చివరి అంకెలు మారతాయి. సీరియల్ జవాబుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాలంటే సరైన ప్రోగ్రాంకు సున్నా పడుతుంది. కొద్దిపాటి తేడాను అనుమతించాలి. విడివిడిగా నడిచే ప్రోగ్రాంలు (ప్రాసెస్‌లు) ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఎంపీఐలో రెండు ప్రాసెస్‌లూ ముందు పంపి తర్వాత అందుకునేలా రాస్తే 100 సంఖ్యలకు నడుస్తుంది, లక్షకు అక్కడే ఆగిపోతుంది. చిన్న సందేశాలు బఫర్‌లో పడిపోతాయి, పెద్దవి అవతల అందుకునేదాకా ఎదురుచూస్తాయి. అందుకే పెద్ద సైజు, 60 సెకన్ల గడువు రెండూ పెట్టాం.

రిపోర్టుకు ఇచ్చే 20 మార్కులే ఈ పద్ధతిలో మాకు బాగా నచ్చిన భాగం. ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో కౌంటర్ అని 8 బైట్ల అంకెలను పక్కపక్కన పెడితే అవన్నీ ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో (కోరు మెమరీ నుంచి ఒక్కసారిగా తెచ్చుకునే ముక్కలో) పడొచ్చు. ఆ లైన్ కోర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది, వేగం పడిపోతుంది. స్పీడప్ 0.9 వచ్చినా ఈ కారణం పట్టుకుని, సరిచేసిన తర్వాతి సంఖ్య చూపిస్తే రిపోర్టుకు పూర్తి మార్కులు వేస్తాం.

వైవాలో షెడ్యూల్‌ను స్టాటిక్ (పనిని ముందే పంచేయడం) నుంచి డైనమిక్‌కు (ఖాళీ అయిన థ్రెడ్‌కు అప్పటికప్పుడు ఇవ్వడం) మార్చమని, ఏమవుతుందో చెప్పమని అడుగుతాం. కోడ్ ఎవరిదో అక్కడే తేలిపోతుంది. దేవరకొండ, అచ్చంపేట నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు తెలుగులో చెబితే తెలుగులోనే వినాలి. ఇంగ్లిష్‌లో తడబడేవాళ్లు రేస్ కండిషన్ (ఒకే విలువను రెండు థ్రెడ్లు ఒకేసారి మార్చబోయి జవాబు తప్పడం) గురించి తెలుగులో ఎంత స్పష్టంగా చెబుతారో విన్నవాళ్లకు తెలుసు.

కుడా (జీపీయూ మీద ప్రోగ్రాంలు నడిపే పద్ధతి) అసైన్‌మెంట్‌కు జీపీయూలోకి, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోకి, డేటా కాపీ చేసే సమయాన్ని కలపాలా వద్దా అన్నది ప్రశ్నపత్రంలోనే రాయాలి. కలిపితే వెక్టర్ కూడికలో జీపీయూ సీపీయూ కంటే వెనకబడవచ్చు. రాయకుండా వదిలేస్తే సగం మంది కలిపి, సగం మంది కలపకుండా కొలుస్తారు. అప్పుడు ఆ అసైన్‌మెంట్‌ను మళ్లీ మొదటినుంచి దిద్దాల్సిందే.