రికార్డు మీద తిరిగే 16 అద్దాలు: కొన్నేళ్ళు వాడాక

రెడ్ రేవెన్ మూవీ రికార్డుల గురించి వెతికితే పేర్ల జాబితాలు, రంగుల తేడాలు, ధరలు చాలాచోట్ల దొరుకుతాయి. వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఆ రికార్డుల మధ్యలో పెట్టే అద్దాల చక్రం గురించే. మా ఇంట్లోకి ఎన్నో బొమ్మలు వచ్చాయి, కొన్ని విరిగిపోయాయి, కొన్ని ఎవరికో ఇచ్చేశాం. ఇది మాత్రం ఏళ్ళ తరబడి హాల్లో ప్లేయర్ పక్కనే ఉంది. దీనికి బ్యాటరీ లేదు, మోటారు లేదు, కీ ఇవ్వక్కర్లేదు. రికార్డు మధ్యలో కూర్చోబెడితే ఆ రికార్డే దాన్ని తిప్పుతుంది. చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

ఎప్పుడూ చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1956లో అమెరికాలో మోర్గాన్ డెవలప్‌మెంట్ లాబొరేటరీస్ అనే సంస్థ పిల్లల కోసం తెచ్చిన 78 వేగం (నిమిషానికి 78 చుట్లు) రికార్డులివి. 8 అంగుళాల రికార్డులో లేబుల్ చాలా పెద్దది, పాట బయటి అంచు దగ్గర కొంచెం మేరే ఉంటుంది. లేబుల్ మీద చుట్టూ 16 బొమ్మలు, ఒకదాంట్లోకి ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. రికార్డు ఆగి ఉంటే అంతా గజిబిజిగా ఉంటుంది. తిరుగుతుంటే రంగుల చారలు తప్ప ఏమీ కనిపించదు. కానీ మధ్యలో ఉన్న 16 పలకల అద్దాల చక్రంలోకి చూడండి. అక్కడ ఒకే ఒక్క బొమ్మ స్థిరంగా నిలబడి, చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఉంటుంది. కింద రికార్డు అంత వేగంగా తిరుగుతున్నా అద్దంలో బొమ్మ పక్కకి జరగదు.

ఎందుకు జరగదో అర్థమయ్యాక నాకు దాని మీద ఇష్టం ఇంకా పెరిగింది. అద్దం ముందు వస్తువు ఎంత దూరంలో ఉంటే, ప్రతిబింబం అద్దం వెనక అంతే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది కదా. ఇక్కడ ఆ చోటు సరిగ్గా చక్రం మధ్యలో, రికార్డు రంధ్రంలోంచి పైకి వచ్చే ప్లేయర్ కడ్డీ దగ్గరికి వస్తుంది. తిరిగే చక్రంలో కదలనిది ఆ మధ్య భాగమే. అందుకే బొమ్మ అక్కడ నిలబడుతుంది. ఒక పలక దాటిపోయి ఇంకో పలక వచ్చేసరికి తర్వాతి బొమ్మ అదే చోట ప్రత్యక్షమవుతుంది. ఇది 1877లో ఫ్రాన్స్‌లో ఎమిల్ రేనో పేటెంట్ తీసుకున్న ప్రాక్సినోస్కోప్ అనే బొమ్మలాడించే పరికరం సూత్రం. అంతకు ముందు వచ్చిన అలాంటి పరికరాల్లో సన్నటి చీలికల్లోంచి తొంగి చూడాలి, బొమ్మ మసకగా కనిపించేది. రేనో చీలికలు తీసేసి అద్దాలు పెట్టాడు. అది తిప్పడానికి మనిషి చెయ్యి కావాలి. ఇక్కడ ఆ పని రికార్డు ప్లేయర్ చేస్తుంది, పైగా పాట కూడా వినిపిస్తుంది.

ప్లేయర్ బలంతో ఆడే బొమ్మలు అంతకు చాలా ముందే, 1910ల్లోనే అమెరికాలో ఉన్నాయి. గ్రామఫోన్ కడ్డీకి తగిలిస్తే పైన కీళ్ళున్న చెక్క బొమ్మ టకటకా అడుగులేస్తుంది. ఇక్కడ న్యూజెర్సీలో పాతవి దాచుకునే ఒక పరిచయస్తుల ఇంట్లో ఒకటి ఆడించి చూశాను. రెండు కారణాల వల్ల అది నాకు వద్దనిపించింది. మొదటిది, ఆ అడుగులకి కావలసిన బలమంతా గ్రామఫోన్ స్ప్రింగ్ నుంచే రావాలి. బొమ్మ ఎక్కగానే పాట శ్రుతి కిందికి జారింది. రెండోది ఇంకా పెద్ద కారణం. ఆ కాలపు బొమ్మల్లో పేరు పడ్డవి చాలావరకు నల్లజాతి వాళ్ళని వెక్కిరించే రూపాలు. మ్యూజియంలో పెట్టి, పక్కన చరిత్ర రాసి చూపించడం వేరు. పిల్లలున్న ఇంట్లో ఆడుకోవడానికి పెట్టలేను. అద్దాల చక్రం తేలిగ్గా ఉంటుంది, రికార్డుతో పాటు ఊరికే తిరుగుతుంది, పాట శ్రుతి చెడదు.

ఇక మమ్మల్ని చాలా రోజులు తిప్పలు పెట్టిన సంగతి. ఈ రికార్డులకి 78 వేగం కావాలి. ఇప్పుడు కొత్తగా వచ్చే ప్లేయర్లలో చాలా వాటికి 33, 45 మాత్రమే ఉంటాయి. అందుకని ఒక పాత సామాన్ల షాపులో 78 ఉన్న ప్లేయర్ తెచ్చుకున్నాం. నాలుగైదు రికార్డులు పేర్చి పెడితే ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతటదే పడే రకం. పాట బాగానే వచ్చింది. అద్దంలో బొమ్మ మాత్రం నిలబడలేదు. మెల్లగా పక్కకి జారడం, సగం ఒక పలకలో సగం పక్క పలకలో కనిపించడం, ఉన్నట్టుండి ఎగిరి మళ్ళీ మొదటికి రావడం. మా అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. అద్దాలు తుడిచాం, రికార్డు తుడిచాం, ప్లేయర్ కింద కాగితం మడత పెట్టి సమంగా నిలబెట్టాం. ఏం చేసినా అంతే. డబ్బు పోయిందేమోనని నాకు టెన్షన్.

ఆ సమయానికి మా మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు మైక్‌సెట్ షాపు నడిపిన మనిషి. పెళ్ళిళ్ళకీ దేవుడి ఉత్సవాలకీ ప్లేట్లు వేసి, ముళ్ళు మార్చి, రాత్రంతా మేలుకుని పాటలు పెట్టిన చెయ్యి. కాసేపు కళ్ళార్పకుండా చూసి, "అమ్మా, నీ స్టిక్కర్ బొట్లు మూడు ఇట్లా ఇవ్వు" అన్నారు. ఒక ఎర్రబొట్టు అద్దాల చక్రం పైన, దానికి ఎదురుగా ఒకటి రికార్డు మీద, మూడోది మధ్య కడ్డీ కొన మీద అంటించారు. 33 వేగంలో పెట్టి తిప్పారు. రికార్డు మీద బొట్టు ముందుకి వెళ్ళిపోతోంది, చక్రం మీద బొట్టు వెనకబడుతోంది. కడ్డీ మీది బొట్టు అసలు కదలనే లేదు.

"చూశావా, ఈ రకంలో కడ్డీ తిరగదు. రికార్డు పెట్టే పళ్ళెం దాని చుట్టూ తిరుగుతుంది. మీ అద్దం దానికి ఒరుసుకుంటోంది" అన్నారు. నిజమే. రికార్డులు పేర్చి పెట్టే ప్లేయర్లలో కడ్డీ పొడుగ్గా ఉంటుంది, పైన రికార్డుల్ని ఆపడానికి చిన్న మెట్టు ఉంటుంది. అది రికార్డుతో పాటు తిరగదు. మా చక్రం లోపలి అంచు ఆ మెట్టుకి తగిలి, రికార్డు లాగుతున్నా వెనక్కి జారుతోంది. బొమ్మా దాని ముందు పలకా జంట తప్పితే ఇక నిలబడే ప్రసక్తే లేదు.

మా అదృష్టం కొద్దీ ఆ ప్లేయర్‌లో కడ్డీ ఊడొస్తుంది. ఒక్కొక్క రికార్డే పెట్టుకునే వాళ్ళ కోసం దానికి పొట్టి కడ్డీ ఒకటి విడిగా ఉండేది. అమ్మిన వాళ్ళు అది ఇవ్వలేదు, అడిగితే అలాంటిది లేదన్నారు. వెతగ్గా వెతగ్గా ఇంకోచోట దొరికింది. అది పళ్ళెంతో పాటే తిరుగుతుంది. వేసి చూస్తే రెండు బొట్లూ ఒకదానికొకటి ఎదురుగా, మొదటి నుంచి చివరి దాకా జంట వీడకుండా తిరిగాయి. అప్పుడు తల ఎత్తి అద్దంలోకి చూశాం. బొమ్మ ఎక్కడిదక్కడ నిలబడి గంతులేస్తోంది. మా అమ్మాయి కేకలు వేస్తూ ఇల్లంతా పరిగెత్తింది. మావయ్యగారు మాత్రం ఏమీ జరగనట్టు కాఫీ అడిగారు. తర్వాత మొదలుపెట్టేటప్పుడు వచ్చే చిన్న జారుడు కూడా పోవడానికి, వంటింటి అరల్లో పరిచే రబ్బర్ షీటులోంచి చిన్న ఉంగరం కత్తిరించి చక్రం అడుగున పెట్టాను. అది ఇప్పటికీ అలాగే ఉంది. కొనబోయే వాళ్ళు ఎవరైనా సరే, ముందు ప్లేయర్ కడ్డీ తిరుగుతుందా లేదా అన్నది చూసుకోండి. పెట్టె మీద రాసి ఉండదు, అమ్మేవాడు చెప్పడు.

స్థిరంగా నిలబడుతుందని ఇందాక అన్నానే, అది వెలుతురుని బట్టి కూడా ఉంటుంది. కిటికీ పక్కన పగటి వెలుగులోనో, పాత రకం ఫిలమెంట్ బల్బు పైనుంచి నేరుగా పడేట్టు పెట్టినప్పుడో బాగుంటుంది. మా హాల్లో డిమ్మర్‌తో నడిచే ఎల్‌ఈడీ కింద బొమ్మ సన్నగా వణుకుతుంది, ఎందుకంటే ఆ బల్బే కంటికి తెలియకుండా ఆరి వెలుగుతూ ఉంటుంది. పాట సంగతి కూడా అంతే. పాట వస్తుందన్నాను, వస్తుంది. కానీ ఇన్నేళ్ళ పిల్లల చేతుల్లో నలిగిన రికార్డులివి, గరగర లేకుండా ఒక్కటీ లేదు. పైగా ఎల్‌పీలకి (33 వేగంతో తిరిగే పెద్ద రికార్డులకి) వాడే సన్న ముల్లు పాత 78 గాడిలో అడుక్కి దిగిపోతుంది. 78కి వేరే ముల్లు వేసుకోవాలి. మేం మార్చుకున్నాం, అయినా ఎక్కువగా వేసిన రెండు రికార్డులు ఇంకా అరిగాయి. ఇంకో మాట. అద్దంలో కనిపించే ఆట అంతా రికార్డు ఒక్క చుట్టు తిరిగే సేపే, అంటే సెకను కూడా నిండదు. పాట అయ్యేదాకా అదే మళ్ళీ మళ్ళీ. పెద్దవాళ్ళం మైమరచి చూస్తాం గానీ, పిల్లలు కొంతకాలానికి "వేరేది పెట్టు" అంటారు.

మా ఇంట్లో అలా అన్నప్పుడే ఈ వస్తువు అసలు విలువ తెలిసింది. అద్దాల చక్రం కింద ఆ కంపెనీ లేబులే ఉండక్కర్లేదు. మనం గీసిన కాగితం కూడా సరిపోతుంది. గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని సగానికి నాలుగుసార్లు మడిచి విప్పితే సరిగ్గా 16 భాగాలు గీతలతో సహా సిద్ధం. కోణమానిని కూడా అక్కర్లేదు. ప్రతి భాగంలో ఒక బొమ్మ. కడ్డీ నుంచి అద్దానికి ఎంత దూరమో, అద్దం నుంచి బొమ్మకి అంతే దూరం ఉండాలి. తల బయటి అంచు వైపు, కాళ్ళు మధ్య వైపు గీయాలి, అప్పుడే అద్దంలో నిలువుగా కనిపిస్తుంది. కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి. మా అమ్మాయి మొదట గీసినవి ఎగిరే బంతులు. తర్వాత దాని పేరు తెలుగులో అద్దంలో సరిగ్గా కనిపించాలని కాగితం మీద తిప్పి రాయడం పట్టుబట్టి నేర్చుకుంది.

పాత ఎల్‌పీ ఒకటి అడుగున పెట్టి, దాని మీద కాగితం, మధ్యలో అద్దాలు. ముల్లు ఎత్తేసే ఉంటుంది. ఇక్కడ 78 కూడా అవసరం లేదు. 78లో సెకనుకి దాదాపు 21 బొమ్మలు దాటుతాయి, కదలిక నున్నగా ఉంటుంది. 45లో సరిగ్గా 12. పిల్లలు గీసిన వాటికి నాకు ఇదే నచ్చింది, ప్రతి కదలికా కంటికి అందుతుంది. 33లో 9కి కొంచెం తక్కువ, తడబడినట్టు ఉంటుంది గానీ తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి బాగుంటుంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది చుక్కల సంగతి. సమంగా 16 చుక్కలు పెడితే అద్దంలో చుక్క కదలకుండా నిలబడుతుంది. 17 పెడితే చుక్కలు ఒక పక్కకి నడవడం మొదలుపెడతాయి. 15 పెడితే రెండో పక్కకి. బొమ్మలు మార్చకుండా, లెక్క ఒకటి పెంచితే నడక, ఒకటి తగ్గిస్తే ఎదురు నడక. ఇది చూశాక మా అమ్మాయి కోలాటం గీసింది. బయటి వరసలో 17 మంది, లోపలి వరసలో 15 మంది. అద్దంలో రెండు వరసలూ ఎదురెదురుగా సాగిపోయాయి. కర్రలు చాలా చోట్ల కలవలేదు, ఒకామెకి జడ మర్చిపోయింది, అయినా మావయ్యగారు ఆ కాగితాన్ని ఊరికి పట్టుకెళ్ళారు.

కొనమంటారా అని అడిగితే నా జవాబు మా ఇంటి పరిస్థితి బట్టే ఉంటుంది. మేం అమెరికాలో ఉన్నాం కాబట్టి ఇవి దొరకడం కొంచెం తేలిక. పాత ప్లేయర్ సంగతి తెలిసిన పెద్దాయన ఆ సమయానికి ఇంట్లో ఉన్నారు. బొమ్మలు గీసే పిల్ల ఉంది. ఈ మూడూ లేకుండా కేవలం ఆ రికార్డుల పాటల కోసమైతే అంత డబ్బు పెట్టమని చెప్పను. అద్దాల చక్రం ఒక్కటే విడిగా, పలకలకి మచ్చలు లేకుండా దొరికితే మాత్రం రికార్డులు లేకపోయినా తీసుకోవచ్చు. ఇండియాలో ఉన్న వాళ్ళు తెప్పించుకునే ముందు ఇంట్లో ఉన్న ప్లేయర్ కడ్డీ పొట్టిగా ఉండి, పళ్ళెంతో పాటు తిరిగేదో కాదో చూసుకోండి. అది కుదిరితే 33, 45 మాత్రమే ఉన్న ప్లేయర్ అయినా కాగితం బొమ్మలకి చక్కగా సరిపోతుంది.