ఎడమచేతి పిల్లకు చోటిచ్చిన శిక్షణ

మా అమ్మాయి ఏడో తరగతి. ఎడమచేతి వాటం. హనుమకొండలో మా ఇంటికి రెండు వీధుల అవతల జరిగే బేస్‌బాల్ శిక్షణలో ఏప్రిల్‌లో చేర్చాం. ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర వరకు, నెలకు ఎనిమిది వందలు. మూడు నెలలు దగ్గరుండి చూశాక ఇది రాస్తున్నాను.

కోచ్ గారు ఒకప్పుడు పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు. భుజం దెబ్బతిని ఆట మానుకున్నారట. అందుకే ఏ పిల్ల ఎన్ని బంతులు విసిరిందో సుద్దముక్కతో గోడ మీద గీతలు గీస్తూ లెక్కపెడతారు. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ పోటీలు నడిపే లిటిల్ లీగ్‌లో పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులు హద్దు. ఈయన యాభైకే ఆపేస్తారు. "ఇంకొక్కటి సార్" అని ఎంత బతిమాలినా బంతి ఇవ్వరు. తల్లిగా నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మా అమ్మాయికి పిచ్చర్ కావాలని పట్టుదల. గురి కుదరలేదు. రెండో నెలలో ఫస్ట్ బేస్‌కు (బ్యాటర్ కొట్టాక మొదట పరుగెత్తి చేరాల్సిన చోటును కాచే స్థానం) మార్చితే ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కోచ్ గారు పిల్లలను కూర్చోబెట్టి జపాన్ ఆటగాడు సదహరు ఓహ్ గురించి చెప్పారు. ఆయనా ఎడమచేతి వాటమే. 1959లో యొమియురి జెయింట్స్ జట్టులో పిచ్చర్‌గా చేరితే ఫస్ట్ బేస్‌కే మార్చారు. బ్యాటింగ్‌లో మొదటి 26 ప్రయత్నాల్లో ఒక్క హిట్టూ (బంతిని కొట్టి బేస్ చేరడం) లేదు. 1962లో కోచ్ హిరోషి అరకావా దగ్గర కుడికాలు ఎత్తి, ఒంటికాలి మీద నిలిచి కొట్టడం నేర్చుకున్నారు. 1980లో ఆట విరమించేనాటికి 868 హోమ్‌రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి)! ఆ తర్వాత జట్లను నడిపించి, 2006లో జపాన్‌కు దేశాల మధ్య జరిగే మొదటి వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ పోటీ గెలిపించారు.

కథతో ఆపలేదు. గ్లౌజు కుడిచేతికి ఉంటుంది కాబట్టి ఫస్ట్ బేస్‌లో బంతి అందుకోగానే ఒళ్లు తిప్పకుండా రెండో బేస్‌కు విసరవచ్చని, తానే పక్కన నిలబడి అడుగులు వేయించారు. అన్నం తినే చెయ్యి మార్చుకోమని మా అత్తయ్య ఏళ్లుగా చెబుతున్న పిల్ల, ఆ రోజు ఇంటికొచ్చి అదే చెయ్యి ఊపుతూ నాకూ నేర్పింది.

లోపాలూ ఉన్నాయి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు, ఇది వెంటనే సరిచేయాలి. ఎడమచేతి వాళ్లకు గ్లౌజు ఒక్కటే ఉంది, ఇద్దరు పంచుకుంటున్నారు. మేము ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మొదట కుడిచేతి వాళ్లది పంపారు. మీ పిల్లలదీ ఎడమచేతి వాటమైతే నెల ముందే తెప్పించుకోండి. కొత్త గ్లౌజు గట్టిగా ఉంటుంది. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, లోపల బంతి పెట్టి, రాత్రంతా రిబ్బన్‌తో కట్టి ఉంచమన్నారు కోచ్ గారు. మాది నాలుగో రాత్రికి మెత్తబడింది.