కేర్ కిట్, 21 రోజుల నిఘా: థర్మామీటరు పాసైంది, ఫోన్‌కు అవతల ఉన్నవాళ్లే తడబడ్డారు

పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలుతుండగా, 2014 అక్టోబరు చివరి నుంచి అక్కడి లైబీరియా, సియెర్రా లియోన్, గినీల మీదుగా అమెరికాలో దిగినవాళ్లకు విమానాశ్రయంలోనే ఒక కిట్ ఇచ్చి పంపేవారు. దిగడానికి ఐదే చోట్లు: న్యూయార్క్ జేఎఫ్‌కే, నెవార్క్, వాషింగ్టన్ డల్లెస్, షికాగో ఓహేర్, అట్లాంటా. ఇచ్చేది సీడీసీ, అంటే అక్కడి కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ. 'చెక్ అండ్ రిపోర్ట్ ఎబోలా' అన్న మాటల మొదటి అక్షరాలు కలిపి దాన్ని కేర్ కిట్ అన్నారు. లోపల ఒక డిజిటల్ థర్మామీటరు, లక్షణాల జాబితా, 21 రోజులకు సరిపడా రాసుకునే పట్టిక, ఆస్పత్రికి వెళ్తే చూపించాల్సిన కార్డు, రాష్ట్ర ఆరోగ్య శాఖల ఫోన్ నంబర్లు ఉండేవి. తర్వాత ఒక ప్రీపెయిడ్ సెల్‌ఫోన్ కూడా చేర్చారు. ప్రయాణికుడు పైసా కట్టక్కర్లేదు.

కిట్‌ను ఒక్కదాన్నే పట్టుకుని సమీక్షిస్తే లాభం లేదు. దాని వెనక నడిచిన నిఘా సేవతో కలిపి చూడాలి. అదీ మామూలు ప్రయాణికుడి వైపు నుంచి కాదు, ఎబోలా రోగిని తాకి, ఎత్తి, శుభ్రం చేసి, రక్తం తీసిన డాక్టరు, నర్సు, ల్యాబు టెక్నీషియన్ల వైపు నుంచి. కిట్ అవసరం అందరికన్నా వాళ్లకే ఎక్కువ. సేవ ఎక్కువగా తప్పటడుగులు వేసిందీ వాళ్ల దగ్గరే.

ముందు థర్మామీటరు. వస్తువు బాగానే ఉంటుంది, వాడకంలోనే పొరపాట్లు. ఎబోలా లక్షణాలు వైరస్ సోకిన 2 నుంచి 21 రోజుల లోపు బయటపడతాయి, ఎక్కువమందికి 8-10 రోజుల మధ్య. లక్షణాలు మొదలుకాక ముందు ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటదు. ఈ ఏర్పాటు మొత్తం నిలబడింది ఈ ఒక్క విషయం మీదే, కాబట్టి మొదటి జ్వరాన్ని గంటల్లో పట్టుకోవాలి. రోజుకు రెండుసార్లు చూడమన్నది అందుకే. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. ఉదయం 7కి ఒకసారి, 11కి ఒకసారి చూసి ఇవాళ్టి పని అయిందనుకుంటే సాయంత్రం ఎక్కే జ్వరం దొరకదు. రెండింటి మధ్య 12 గంటల ఎడం ఉండాలి. వేడి కాఫీయో చల్లటి నీళ్లో తాగితే పావుగంట, వీలైతే అరగంట ఆగి నాలుక కింద పెట్టాలి. చంకలో పెట్టి చూస్తే తక్కువ చూపిస్తుంది. ఒకరోజు నోట్లో, ఒకరోజు చంకలో పెట్టి రాసిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

రెండోది కొలమానం. ఆఫ్రికాలోని చికిత్సా కేంద్రాల్లో నెలల తరబడి సెల్సియస్‌కు అలవాటు పడ్డవాళ్లు అమెరికాలో ఫారెన్‌హీట్ అడిగే అధికారితో మాట్లాడాలి. గుర్తుంచుకోవలసినవి రెండే అంకెలు: 37.5 అంటే 99.5, 38 అంటే 100.4. జ్వరం అని లెక్కలోకి తీసుకున్నది ఈ రెండోదాన్ని. మొదటి అంకె సంగతి కింద వస్తుంది.

మూడోది మాత్ర. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకోవడం ఆస్పత్రి మనుషులకు మంచినీళ్లు తాగినంత అలవాటు. మాత్ర పనిచేస్తున్న 4-6 గంటల్లో తీసిన రీడింగు మాత్ర గురించి చెబుతుంది, ఒంటి గురించి కాదు. రీడింగు తీశాకే మాత్ర వేసుకోవాలి, వేసుకున్న టైము పట్టికలో రాయాలి. 'ఉదయం 7.10, 98.2, లక్షణాలు లేవు, మాత్ర లేదు' అని నాలుగు ముక్కలూ ఉంటేనే ఆ వరుస పనికొస్తుంది. అంకె ఒక్కటే రాసి వదిలేసిన పట్టిక సగం పట్టికే.

రోజుల లెక్కలో మరో తిరకాసు ఉంది. 21 రోజులు విమానం దిగినప్పటి నుంచి కాదు, చివరిసారి రోగితోనో రోగి నమూనాతోనో పనిచేసినప్పటి నుంచి. అక్టోబరు 12 చివరి డ్యూటీ అయితే గడువు నవంబరు 2తో తీరుతుంది, మధ్యలో ఎప్పుడు దిగినా సరే. కానీ ప్రమాదం మొదలయ్యేది మొదటి డ్యూటీ నుంచి. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకోకపోతే ఏం జరుగుతుందో టెక్సస్ రాష్ట్రంలోని డల్లాస్‌లో కనబడింది.

అక్కడి ఆస్పత్రిలో అమెరికాలో గుర్తించిన మొదటి ఎబోలా రోగి సెప్టెంబరు 28న చేరాడు, అక్టోబరు 8న చనిపోయాడు. అతనికి సేవ చేసిన నర్సుల్లో ఒకరు 10న విమానంలో క్లీవ్‌లాండ్ వెళ్లారు. చివరి డ్యూటీ నుంచి లెక్కిస్తే ఇంకా మొదట్లోనే ఉన్నట్టు, రోగి చేరిన రోజు నుంచి లెక్కిస్తే 12వ రోజు, అంటే జ్వరం వచ్చే అవకాశం బాగా ఉన్న రోజులు. ఈలోగా అదే వార్డులో పనిచేసిన ఇంకో నర్సుకు ఎబోలా అని 12న తేలింది. 13న తిరుగు ప్రయాణానికి ముందు ఈ నర్సు సీడీసీకి ఫోన్ చేసి తన వేడి 99.5 ఉందని చెప్పారు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు. 132 మంది ప్రయాణికులున్న విమానంలో ఆమె డల్లాస్ చేరారు. 15న ఆమెకూ ఎబోలా అని తేలింది. ఆమె వాణిజ్య విమానం ఎక్కకుండా ఉండాల్సిందని సీడీసీ డైరెక్టర్ టామ్ ఫ్రీడెన్ ఆ రోజే విలేకరులతో అన్నారు. ఆమె ముందే ఫోన్ చేశారని, వద్దని చెప్పలేదని సంస్థ తర్వాత ఒప్పుకుంది. విమానంలో ఎవరికీ సోకలేదు. నర్సులిద్దరూ కోలుకున్నారు.

అడగాల్సిన మనిషి అడిగారు, చెప్పాల్సిన అంకె చెప్పారు. అవతలివైపు ఎవరు ఫోన్ ఎత్తారో గాని, 99.5ని 100.4తో పోల్చి తక్కువే కదా అనుకున్నారు. ఆ పోలిక వీధిలో పోయే మనిషికి సరిపోతుంది. ఎబోలా రోగిని చూసుకుని, తోటి నర్సు మంచానపడ్డాక కూడా సరిపోతుందా? రక్షణ దుస్తులు వేసుకున్నారు కాబట్టి ప్రమాదం లేదనే అంచనాతో ఆ నర్సులను వాళ్ల వేడి వాళ్లే చూసుకోమని వదిలారు. అదే దుస్తులు వేసుకున్న ఒకరికి వ్యాధి వచ్చిన నాడే ఆ అంచనా చెల్లకుండా పోయింది. ఆ ఉదయమే పేర్ల జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి 'మీరు ఎక్కడున్నారు, ఎప్పుడు ప్రయాణం' అని అడగాల్సింది అధికారి. ఆ పని చేయకుండా తర్వాత నర్సు మీద వేలు చూపించడం ఈ సేవకు పడిన పెద్ద మచ్చ. అదే ఆస్పత్రి ల్యాబు ఉద్యోగి ఒకరు అప్పటికే విహార నౌకలో సముద్రం మధ్యలో ఉన్నారు. కబురు అందాక ఆ మనిషి తనంతట తాను గదిలోనే ఉండిపోయారు. ఒంట్లో ఏ నలతా లేదు, పరీక్షలోనూ ఎబోలా లేదని తేలింది. అయినా మధ్య అమెరికా దేశం బెలీజ్ దించుకోనంది, నౌక టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవుకు తిరిగి రావాల్సి వచ్చింది.

16న టెక్సస్ రాష్ట్రం కళ్లు తెరిచింది. మొదటి రోగి గదిలోకి వెళ్లిన ప్రతి ఒక్కరూ చివరి డ్యూటీ నుంచి 21 రోజులు విమానం, నౌక, దూరపు బస్సు, రైలు ఎక్కకూడదని, జనం గుమిగూడే చోట్లకు పోకూడదని రాతపూర్వకంగా చెప్పింది. నాలుగు రోజులు ముందు వచ్చి ఉంటే ఈ కాగితమే చాలేది.

27న సీడీసీ కొత్త మార్గదర్శకాలిచ్చింది. సేవ సేవలా కనబడడం అప్పటి నుంచే. ప్రమాదాన్ని నాలుగు తరగతులు చేశారు: ఎక్కువ, కొంత, తక్కువ (సున్నా మాత్రం కాదు), లేదు. సూది గుచ్చుకున్నా, ఒంటి ద్రవాలు కంట్లో పడినా, రక్షణ దుస్తులు లేకుండా తాకినా 'ఎక్కువ'. వాళ్లకు వాణిజ్య వాహనాలు బంద్. పశ్చిమ ఆఫ్రికాలో పూర్తి దుస్తులతో పనిచేసి వచ్చినవాళ్లు 'కొంత'. అమెరికా ఆస్పత్రిలో దుస్తులతో పనిచేసినవాళ్లు 'తక్కువ'లోకి వస్తారు, అయినా వాళ్లనూ నేరుగా చూడాల్సిందే. నేరుగా అంటే ఆరోగ్య శాఖ మనిషి రోజుకు ఒక్కసారైనా ఎదురుగా ఉండి వేడి చూడాలి, రెండోసారి ఫోన్‌లో కనుక్కోవచ్చు. ప్రయాణం, ఉద్యోగం, జనసమ్మర్దం ఉన్న చోట్లకు వెళ్లడం, ఇవన్నీ ఆ మాటల్లోనే తేల్చుకోవాలి. 'కొంత' తరగతిలో ప్రయాణం నిషేధం కాదు, అధికారి ఒక్కొక్కరి సంగతి చూసి నిర్ణయించాలి. ఈ వెసులుబాటు మంచిదే. చిక్కల్లా అధికారికి నిర్ణయించే ధైర్యం ఉందా లేదా అన్నదే.

ధైర్యం మరీ ఎక్కువైనా కష్టమే. సియెర్రా లియోన్ నుంచి 24న నెవార్క్‌లో దిగిన నర్సును నుదుటి థర్మామీటరు 101 చూపిందని ఆస్పత్రి ఆవరణలో టెంటులో పెట్టారు. నోట్లో పెట్టి చూస్తే మామూలు వేడే. గంటల తరబడి ప్రశ్నలు వేసి, కోపంతో ముఖం ఎర్రబడిన మనిషి నుదుటి మీద ఆ పరికరం పెడితే అలాగే చూపిస్తుంది. ఎక్కువ చూపితే నోట్లో పెట్టి మళ్లీ చూడడం నర్సింగులో మొదటి పాఠం. ఆమెను 27న మెయిన్ అనే రాష్ట్రానికి పంపారు. అక్కడ ఇంట్లోనే ఉంచాలన్న ప్రభుత్వ కోరికను 31న జడ్జి ఒప్పుకోలేదు. రోజూ నేరుగా నిఘా, ప్రయాణానికి ముందు ఆరోగ్య శాఖతో మాట్లాడడం, లక్షణం కనబడితే వెంటనే చెప్పడం, ఈ మూడూ చాలన్నారు. సీడీసీ కాగితంలో ఉన్నదీ దాదాపు అదే.

మార్కులు వేయాలంటే: థర్మామీటరు, పట్టికలకు 5కి 4. ఫోన్‌కు పూర్తి 5. అద్దె గదుల్లో, బంధువుల ఇళ్లలో దిగిన మనిషిని రోజూ పట్టుకోవడానికి అంతకన్నా తేలికైన దారి లేదు. నిర్ణయం చెప్పే విభాగానికి అక్టోబరు 27కు ముందు 1, తర్వాత 3. నవంబరు నుంచి మార్చి లోపు పదివేల మందికి పైగా ఈ నిఘా కింద 21 రోజులు గడిపారు, తప్పిపోయినవాళ్లు నూటికి ఒకరైనా లేరు. అది చిన్న విషయం కాదు. మరి 5 ఎందుకు లేదంటే, ఇంట్లో కూర్చోమన్న రోజుల జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు ఆ మార్గదర్శకాల్లో జవాబు లేదు. జీతం పోతుందని తెలిసిన మనిషికి థర్మామీటరు 99.9 దగ్గర ఆగితే బాగుండుననిపించడం సహజం.

మనిషి చేతిలో అంకె ఎలా జారుతుందో బ్రిటన్‌లో బయటపడింది. 2014 డిసెంబరు 28న సియెర్రా లియోన్ నుంచి లండన్ హీత్రూ విమానాశ్రయం చేరిన వాలంటీర్లు రద్దీలో ఒకరి వేడి ఒకరు చూసుకున్నారు. ఒక నర్సుకు 38.2 వస్తే కాగితం మీద 37.2 అని పడింది. ఆమె అక్కడి నుంచి విమానంలో గ్లాస్గో వెళ్లారు, మర్నాడు ఎబోలా అని తేలింది. జబ్బుతో ఆ సమయంలో ఆమె ఆలోచన సరిగా లేదని నర్సుల మండలి 2016లో ఆమెను తప్పు పట్టలేదు. ఆ అంకెతో సంబంధమున్న ఇంకో నర్సును మాత్రం కొంతకాలం సస్పెండ్ చేశారు. అలసిపోయిన బృందం తన వేడి తానే కొలిచి తానే రాసే ఏర్పాటు పెట్టిందెవరు? కొలిచే మనిషి, రాసే మనిషి బయటివాళ్లై ఉండాలి. న్యూయార్క్‌లో ఎబోలా సోకిన ఒక డాక్టరు జ్వరం విషయంలో నగర ఆరోగ్య శాఖ అయితే అంకెలే తిరగేసింది: 100.3 ఉంటే మొదట 103 అని ప్రకటించి తర్వాత దిద్దుకుంది. అంకెను అవతలివాళ్ల చేత చదివించుకోవడం అందుకే మంచిది.

ప్రయాణానికి ముందు చేసే ఫోన్‌లో ఏం చెప్పాలన్నది కిట్‌లో లేదనుకుని, ఈ వరుసలో చెప్పండి: పేరు, ఏ రోగి దగ్గర ఏ పని, మొదటి తేదీ, చివరి తేదీ, ఇప్పటి వేడి, ఏ పద్ధతిలో చూశారు, మాత్ర వేసుకున్నారా, మామూలుగా మీ వేడి ఎంత, ఏ విమానం, ఎన్ని గంటలకు. ఆఖరున 'ఎక్కవచ్చా, వద్దా?' అని ఒకే ప్రశ్న. 'పరిమితికి లోపలే ఉంది' అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు. అవునో కాదో చెప్పేదాకా లైను పెట్టేయకండి, చెప్పిన మనిషి పేరు, టైము పట్టికలో అదే వరుసలో రాయండి. అవతలి కుర్చీలో ఉన్నవాళ్లకూ నియమం అదే: నిర్ణయం నా చేతుల్లో లేదనుకుంటే, ఉన్నవాళ్లకు లైను కలిపేదాకా ప్రయాణం ఆగమని చెప్పాలి. చెప్పినా వినని మనిషిని ఆపడానికి 2007 నుంచి 'డు నాట్ బోర్డ్' జాబితా ఉంది. సీడీసీ పేరు పంపితే విమానాశ్రయంలో బోర్డింగ్ పాసు రాదు. రాష్ట్రం దాటే ప్రయాణాల మీద అధికారం కేంద్రానిది, రాష్ట్రం లోపల క్వారంటైన్ రాష్ట్రానిది. అందుకే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారితే కొత్త చిరునామా, దిగే తేదీ రెండు ఆరోగ్య శాఖలకూ ముందే తెలియాలి. లేకపోతే ఒకరు వదిలేస్తారు, ఇంకొకరు అందుకోరు.

జ్వరం నిజంగానే వస్తే సొంత కారులో ఎమర్జెన్సీకి పరుగెత్తవద్దు. ముందు ఫోన్, తర్వాత వాళ్లు పంపిన అంబులెన్సు. లోపలికి అడుగుపెట్టే ముందే కార్డు చూపించి, ఎక్కడి నుంచి వచ్చారో నోటితో కూడా చెప్పాలి. డల్లాస్ రోగి సెప్టెంబరు 25న మొదటిసారి వెళ్లినప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చానని నర్సుకు చెప్పాడు. అయినా యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపేశారు.

21వ రోజు సాయంత్రం రీడింగుతో పట్టిక పూర్తవుతుంది. పశ్చిమ ఆఫ్రికా వెళ్లినవాళ్లు వేసుకునే మలేరియా నివారణ మాత్రలు మాత్రం ఆ రోజుతో ఆపకూడదు. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ అయితే ఆ ప్రాంతం వదిలాక 4 వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు వేసుకోవాలి. 25వ రోజు జ్వరమొస్తే ఎబోలా గడువు దాటిందని ఊరుకోకుండా మలేరియా రక్తపరీక్ష అదే రోజు చేయించుకోండి.